గడ్డి కుళ్లడానికి గడువు: గోదావరి డెల్టాలో పంట వ్యర్థాలు, సూక్ష్మజీవులు

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి గోదావరి డెల్టాలో సేద్యం పనులన్నీ కాలువ నీటిని బట్టే నడుస్తున్నాయి. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలితే సార్వా (వానాకాలపు వరి) ఆకుమళ్లు మొదలవుతాయి. నవంబరు, డిసెంబరు నెలల్లో కోతలు సాగుతాయి. ఆ కోతలు పూర్తిగా ముగియకముందే రెండో వరి పంట దాళ్వాకు దమ్ములు (నీళ్లు పెట్టి బురదగా దున్నడం) మొదలై, జనవరి నాటికి ఊడ్పులు అయిపోవాలి. ఏప్రిల్‌లో దాళ్వా పంట చేతికి వచ్చే వేళకు కాలువలు కట్టేస్తారు. ఏడాదికి రెండు వరి పంటలంటే ఏడాదికి రెండు విడతల గడ్డి. చేత్తో కోసి, పనలు ఆరబెట్టి, కుప్ప వేసి నూర్చిన రోజుల్లో ఆ గడ్డి పెరట్లో మేటుగా నిలిచి, పశువుల మేతగా మారి, పెంటకుప్పకు చేరి, మళ్లీ చేలోకే వెళ్లేది. దుక్కిటెడ్ల స్థానంలో ట్రాక్టరు, కొడవలి స్థానంలో కోత యంత్రం వచ్చాక ఈ గొలుసు రెండు చోట్ల తెగింది. తినే పశువులు తగ్గాయి. యంత్రం గడ్డిని నలగ్గొట్టి వరుసలుగా చేలోనే వదిలేసి, కొయ్యకాళ్లను నిలబెట్టి వెళ్తోంది. కట్టలు చుట్టే యంత్రం దొరికి, కొనేవారు ఉన్న చోట గడ్డి బయటికి పోతోంది. దొరకని చోట, దాళ్వా ఊడ్పులు వెనకబడతాయన్న తొందరలో నిప్పు పెడుతున్నారు.

సూక్ష్మజీవుల ద్రావణం చల్లితే గడ్డి చేలోనే ఎరువైపోతుందన్న మాట కొన్నేళ్లుగా బాగా వినిపిస్తోంది. అందులో నిజం ఉంది, కానీ ఆ నిజానికి షరతులు ఉన్నాయి. డెల్టా ఒండ్రు నేలలో గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు కొరత లేదు. కొరత ఉన్నదల్లా వాటికి కావలసిన గాలికి, నత్రజనికి, తగుమాత్రం తడికి, అన్నిటికంటే ముఖ్యంగా సమయానికి. ఈ నాలుగింటిలో మూడింటిని ఇక్కడ నిర్ణయించేది కాలువ నీరే. అందువల్ల వరి తర్వాత గోధుమ వేసే పంజాబ్, హర్యానా పొలాలను దృష్టిలో పెట్టుకుని రూపొందించిన పద్ధతిని, వరి మీద వరి వేసే డెల్టాకు ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే ఆశించిన ఫలితం రాదు.

ముందు గడ్డి విలువ తేల్చుకోవాలి. ఎకరాకు 75 కిలోల బస్తాలు 30 పండిన చేలో ధాన్యం రెండుంపావు టన్నులు, గడ్డి కూడా తక్కువలో తక్కువ అంతే బరువు ఉంటుంది. టన్ను వరిగడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని, 14 నుంచి 20 కిలోల పొటాష్, రెండు కిలోలకు అటూఇటూగా భాస్వరం ఉంటాయి. ఆ లెక్కన ఎకరం గడ్డిలో కనీసం 30 కిలోల పొటాష్ ఉంది, అంటే 50 కిలోల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ బస్తాలో ఉన్నంత. వరి మొక్క నేల నుంచి తీసుకున్న పొటాష్‌లో అధిక భాగం గింజలోకి కాక గడ్డిలోకే చేరుతుంది కనుక, గడ్డి లారీ ఎక్కి ఊరు దాటిన ప్రతిసారీ చేను ఒక బస్తా ఎరువును పోగొట్టుకుంటున్నట్టే. కాల్చితే నత్రజని దాదాపు మొత్తం గాలిలో కలిసిపోతుంది. భాస్వరంలో నాలుగో వంతు, పొటాష్‌లో ఐదో వంతు కూడా పోతాయి. బూడిదలో మిగిలిన పొటాష్ నీటిలో ఇట్టే కరిగే రూపంలో ఉంటుంది కనుక, దమ్ము నీళ్లు పొంగి బోదె దాటితే దానితోపాటే మురుగు కాలువకు చేరుతుంది. ఊళ్ల మీద కమ్ముకునే పొగ, అందులోని సన్నని ధూళి కణాలు, పిల్లలకూ ఉబ్బసం ఉన్న పెద్దలకూ కలిగించే బాధ ఈ లెక్కలో చేరనివి.

ఇంత విలువైన గడ్డి అంత తేలిగ్గా ఎందుకు కుళ్లదన్నది దాని నిర్మాణంలోనే ఉంది. గడ్డి బరువులో మూడో వంతుకు పైగా సెల్యులోజు. గ్లూకోజు అణువులు వరుసగా కలిసి పొడవాటి గొలుసులై, ఆ గొలుసులు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని పోగులుగా తయారవుతాయి. వాటి చుట్టూ హెమీసెల్యులోజు అల్లుకుని ఉంటుంది. ఈ రెండింటి సందుల్లో లిగ్నిన్ నిండి, లోపలి చక్కెరను బయటి జీవులకు అందకుండా కాపాడుతుంది. వరికి మరో ప్రత్యేకత ఉంది. ఇతర ధాన్యపు పైర్లకంటే ఎక్కువగా ఇది నేల నుంచి సిలికాను తీసుకుని ఆకుల, కాడల పైపొరలో పేర్చుకుంటుంది. వరి ఆకు అంచున వేలు పెట్టి లాగితే కోసుకుపోయేది ఆ సిలికా వల్లే. అదే పొర సూక్ష్మజీవులకూ తొలి అడ్డుగోడ. గడ్డిని ముక్కలు చేస్తే త్వరగా కుళ్లుతుందని చెప్పడానికి కారణం ఇదే: తెగిన అంచు దగ్గర సిలికా కాపలా ఉండదు, తడీ శిలీంధ్రపు పోగులూ అక్కడి నుంచి లోపలికి దూరుతాయి.

ఈ గోడలను పగలగొట్టే పని ఏ ఒక్క జీవీ చేయదు. తడిసిన గడ్డి మీద మొదట చేరేది సులువుగా దొరికే చక్కెరలను, పిండి పదార్థాలను తినే బాక్టీరియా. అవి వేగంగా పెరిగి విడుదల చేసే వేడితో కుప్ప నడిబొడ్డు కొద్ది రోజుల్లోనే 50 డిగ్రీలు దాటుతుంది. అక్కడి నుంచి వేడిని తట్టుకునే బాసిల్లస్ జాతి బాక్టీరియా, పోగుల్లా పెరిగే యాక్టినోమైసిటీస్ అనే బాక్టీరియా, కొన్ని శిలీంధ్రాలు పని అందుకుని హెమీసెల్యులోజును, సెల్యులోజును నమలడం మొదలుపెడతాయి. నిజానికి సూక్ష్మజీవులకు నమలడానికి నోరు లేదు. అవి ఎంజైములను బయటికి స్రవించి, గడ్డిని తమ శరీరం వెలుపలే కరిగించి, కరిగిన చక్కెరను పీల్చుకుంటాయి. ఒక రకం ఎంజైము సెల్యులోజు గొలుసును మధ్యలో తెంపుతుంది, ఇంకొకటి తెగిన కొసల నుంచి రెండేసి గ్లూకోజు అణువుల జతలను ఊడదీస్తుంది, మూడోది ఆ జతలను విడగొట్టి ఒంటరి గ్లూకోజుగా మారుస్తుంది. మూడింటిలో ఏది తక్కువైనా పని కుంటుపడుతుంది. ఈ మూడింటినీ స్రవించగలగడమే ట్రైకోడెర్మా అనే శిలీంధ్రానికి ఉన్న పేరుకు మూలం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు చివికిపోతుంటే, కారణం వెతికిన శాస్త్రవేత్తలకు దొరికిన శిలీంధ్రమే ట్రైకోడెర్మా రీసీ. నేటికీ పరిశ్రమల్లో వాడే సెల్యులేజు ఎంజైముకు ప్రధాన వనరు దాని సంతతే.

లిగ్నిన్ సంగతి వేరు. దానిని పూర్తిగా విడగొట్టగల జీవులు చాలా తక్కువ. ముత్యపు చిప్ప పుట్టగొడుగు, ఫానిరోకీట్ వంటి తెల్లకుళ్లు శిలీంధ్రాలు ఆ పనిలో దిట్టలు. లాకేజు, పెరాక్సిడేజు అనే వాటి ఎంజైములకు ఆక్సిజన్ గానీ, ఆక్సిజన్ నుంచి పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడు గానీ లేకుండా పని జరగదు. డెల్టా విషయంలో ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. గడ్డిని బాగా కుళ్లబెట్టగల శిలీంధ్రాలన్నీ దాదాపుగా గాలి కోరేవి, డెల్టా చేలు మాత్రం ఏడాదిలో ఎక్కువ భాగం నీటి కింద ఉండేవి.

గాలి తర్వాత నత్రజని. టన్ను గడ్డిలో 400 కిలోల వరకు కర్బనం ఉంటే, నత్రజని 6 కిలోల ప్రాంతంలో ఉంటుంది, అంటే నిష్పత్తి 65కు పైనే. సూక్ష్మజీవి తన శరీరం కట్టుకోవడానికి దాదాపు 8 పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని కావాలి. తిన్న కర్బనంలో సుమారు మూడింట రెండు వంతులను శ్వాసలో బొగ్గుపులుసు వాయువుగా వదిలేస్తుంది కనుక, అది తినే పదార్థంలో 25 పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటే సరిపోతుంది. 400 కిలోల కర్బనానికి ఆ లెక్కన 16 కిలోల నత్రజని అవసరం, ఉన్నది 6 కిలోలు. తక్కువైన 10 కిలోలను సూక్ష్మజీవులు చుట్టుపక్కల మట్టిలోంచి లాక్కుంటాయి. గడ్డి కలియదున్ని వెంటనే ఊడ్చిన చేలో మొక్కలు తొలి వారాల్లో పాలిపోయి, పిలకలు తక్కువ పెట్టడానికి కారణం ఈ పోటీయే. ఆ నత్రజని పోయింది కాదు, సూక్ష్మజీవుల శరీరాల్లో కొంతకాలం బందీగా ఉండి, అవి చనిపోయాక విడుదలవుతుంది. కానీ పిలకలు పెట్టే దశ దాటిపోయాక అందిన నత్రజని పిలకల లోటును పూడ్చలేదు. ఈ సంగతి తెలియక గడ్డి కలిపితే పంట దెబ్బతింటుందని నమ్మి నిప్పు వైపు మళ్లిన రైతుల అనుభవం తప్పు కాదు. వారికి చెప్పవలసింది గడ్డి కలపమని కాదు, ఎప్పుడు కలపాలో, దానితోపాటు ఏం కలపాలో.

సార్వా కోతకూ దాళ్వా ఊడ్పుకూ నడుమ చాలా చోట్ల మూడు, నాలుగు వారాలకు మించి వ్యవధి దొరకదు. తుఫానుకు పంట ఒరిగి కోత ఆలస్యమైన ఏడాది అదీ ఉండదు. ఈ వ్యవధిలో నేల పదునుగా ఉంటుంది, లేదా నీరే నిలిచి ఉంటుంది. కుళ్లని గడ్డిని అలాంటి నేలలో దమ్ము చేసి నీళ్లు కట్టితే కొద్ది రోజుల్లోనే మట్టిలోని ఆక్సిజన్ అయిపోతుంది. గాలి కోరే శిలీంధ్రాల పని అక్కడితో ఆగి, గాలి లేకుండా బతికే బాక్టీరియా చేతికి గడ్డి చిక్కుతుంది. అవి గడ్డిని సగం జీర్ణం చేసి ఎసిటిక్, బ్యూటిరిక్ వంటి ఆమ్లాలను వదులుతాయి. వాటిని మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులు అందుకుంటాయి. జనవరి చివరలో అలాంటి చేలో కాలు పెడితే పాదం చుట్టూ బుడగలు పొంగుతాయి, కోడిగుడ్డు మురిగిన వాసన వస్తుంది, నారు పీకి చూస్తే తెల్లగా ఉండవలసిన వేళ్లు నల్లబడి ఉంటాయి. బుడగల్లో అధిక భాగం మీథేన్. వాసన, వేళ్ల నలుపు సల్ఫైడు వల్ల.

మీథేన్ నూరేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. వరి చేల నుంచి వెలువడే మీథేన్‌ను అంచనా వేయడానికి వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) 2006 మార్గదర్శకాలు ఇచ్చిన గుణకాలను చూస్తే కాల వ్యవధి ఎంత ముఖ్యమో తెలుస్తుంది. సాగుకు 30 రోజుల లోపు గడ్డి కలిపితే గుణకం 1, 30 రోజులకు ముందే కలిపితే 0.29, అదే గడ్డి కంపోస్టుగా మారి చేరితే 0.05. 2019 సవరణలో ఈ అంకెలు కొంత మారాయి, ముందుగా కలిపిన గడ్డికి 0.19, కంపోస్టుకు 0.17 అయ్యాయి. క్రమం మాత్రం మారలేదు. అంటే దాళ్వా ముందు మూడు వారాల్లో గడ్డిని చేలో కలిపేయడం పొగను ఆపుతుంది గానీ, ఆ భారంలో కొంత మీథేన్ రూపంలో తిరిగి గాలిలోకే వస్తుంది. ఊడ్పుల తర్వాత నీటిని నిరంతరం నిలపకుండా తడిపి ఆరబెడుతూ పోతే మీథేన్ తగ్గుతుంది. అయితే కాలువ వంతుల మీద నీళ్లు వచ్చే శివారు ఆయకట్టులో చేను ఆరబెట్టమంటే, మళ్లీ నీరు వస్తుందో రాదోనన్న భయం రైతుకు ఉండడం సహజం.

ఈ నేపథ్యంలో బజారులో, ప్రభుత్వ సంస్థల ద్వారా దొరికే ద్రావణాలను చూడాలి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పూసా డీకంపోజరులో కొన్ని శిలీంధ్రాల మిశ్రమం ఉంటుంది. నాలుగు క్యాప్సూళ్లను బెల్లం, శనగపిండి కలిపిన నీటిలో వృద్ధి చేసి 25 లీటర్ల ద్రావణం తయారు చేస్తే హెక్టారుకు సరిపోతుంది. చల్లి, గడ్డిని మట్టిలో కలిపి, తేలికపాటి తడి ఇస్తే 20 నుంచి 25 రోజుల్లో గడ్డి మెత్తబడుతుందని చెబుతారు. ఘజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం 2015లో విడుదల చేసిన వేస్ట్ డీకంపోజరు ఆవు పేడ నుంచి వేరుచేసిన జీవులతో తయారైనది. 20 రూపాయల సీసాను 200 లీటర్ల నీటిలో 2 కిలోల బెల్లంతో కలిపితే వారంలో సిద్ధమవుతుంది. రాష్ట్రంలో ప్రకృతి సేద్యం చేసేవారికి బాగా తెలిసిన జీవామృతం కూడా ఇదే కోవలోది: 200 లీటర్ల నీటికి 10 కిలోల పేడ, గోమూత్రం, బెల్లం, పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. మూడింటిలోనూ సూత్రం ఒకటే, పనికొచ్చే జీవులను చవకగా వేల రెట్లు పెంచి గడ్డి మీద చేర్చడం.

ఈ ద్రావణాలు పనికిరావని అనడం అన్యాయం. కుప్ప వేసిన గడ్డి మీద, తేమ ఉండి గాలి ఆడే నేలలో ఇవి తొలి పది, పదిహేను రోజుల పనిని వేగవంతం చేస్తాయి. కానీ గోధుమకు ముందు చేను నీటి కింద ఉండదు, గాలి లోపలికి వెళ్తుంది. డెల్టాలో అదే ద్రావణాన్ని దమ్ము నీటిలో పోస్తే అందులోని శిలీంధ్రాలకు ఊపిరి ఆడదు. ఏప్రిల్, మే నెలల్లో దాళ్వా కొయ్యకాళ్ల మీద చల్లితే గాలి పుష్కలం, తడి శూన్యం. కాలువలు కట్టేసి, ఎండ 40 డిగ్రీలు దాటి, నేల నెర్రెలిచ్చిన చోట ఏ జీవీ పని చేయదు. అమ్మేవారు సీసా మీద రోజుల లెక్క రాస్తారు గానీ, ఏ తడిలో, ఏ నేలలో అన్నది రాయరు. రైతుకు అవసరమైనది ఆ రెండో సమాచారమే. ట్రైకోడెర్మా విరిడి పొడి కొనేవారు మరో విషయం గమనించాలి. గ్రాముకు కనీసం 20 లక్షల జీవకణాలు ఉండాలన్నది ప్రమాణం. ఎండలో, రేకుల షెడ్డులో నెలల తరబడి నిల్వ ఉన్న పొట్లంలో ఆ సంఖ్య నిలవదు. గడువు తేదీతోపాటు దుకాణంలో దాన్ని ఎక్కడ ఉంచారో కూడా చూసి కొనాలి.

దాళ్వా తర్వాతి విరామానికి డెల్టా రైతు దగ్గర ఇంతకంటే మేలైన సాధనం ముందునుంచే ఉంది. అది జీలుగ. వేసవి జల్లులకు జీలుగ గానీ జనుము గానీ చల్లి, పూత దశకు ముందు కొయ్యకాళ్లతో సహా కలియదున్నే అలవాటు పాతదే. సూక్ష్మజీవుల కోణంలో చూస్తే అది చాలా తెలివైన పని. లేత జీలుగ వేరు బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి తెస్తాయి. ఆ నత్రజని కలిసిన పచ్చి ఆకు, నత్రజని లేక ఆగిపోయిన కొయ్యకాళ్ల కుళ్లుడును ముందుకు నడిపిస్తుంది. జూన్ తొలకరికి నేల పదునెక్కి, ఇంకా నీరు నిలవని రెండు, మూడు వారాలు డెల్టాలో ఏడాది మొత్తంలో గడ్డి చేలోనే కుళ్లడానికి అత్యంత అనువైన కాలం. డీకంపోజరు ద్రావణం చల్లదలచుకుంటే అప్పుడే చల్లాలి. జీలుగ విత్తనం సకాలంలో ఊరికి చేరడం, ఆ రెండు నెలలు చేలో పశువులు పడకుండా కాపలా కాయడం, ఈ రెండూ కుదరకనే అలవాటు తగ్గుతోంది.

సార్వా గడ్డికి మాత్రం చేలో చోటు లేదు, దాన్ని గట్టు మీదికి తీయవలసిందే. కుప్పగా కుళ్లబెట్టడానికి తూర్పు, పశ్చిమ గోదావరి ప్రాంతాలకు ఒక సానుకూలత ఉంది. అనపర్తి, తణుకు చుట్టుపక్కల కోళ్ల ఫారాలు విస్తారంగా ఉన్నాయి. గడ్డికి లేని నత్రజని కోళ్ల పెంటలో దండిగా ఉంది. కోళ్ల పెంటను ఒక్కదాన్నే వేస్తే అమ్మోనియా ఘాటుతో సగం నత్రజని గాలిపాలవుతుంది, గడ్డిని ఒక్కదాన్నే వేస్తే నెలలు గడిచినా కుళ్లదు. పొరలు పొరలుగా కలిపి వేస్తే ఒకదాని లోపం మరొకటి తీరుస్తుంది. పెంట దొరకని చోట పేడనీళ్లు, టన్నుకు కొద్ది కిలోల యూరియా, గట్ల మీద పెరిగే గ్లిరిసీడియా రెమ్మలు ఆ పని చేస్తాయి. కుప్ప నాలుగైదు అడుగుల ఎత్తుకు తగ్గితే వేడి నిలవదు, మరీ పెరిగితే అడుగున గాలి ఆడదు. తడి చూసుకోవడానికి పరికరం అక్కర్లేదు. నడిమి నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో చెమ్మ కనబడాలి, బొట్లు కారకూడదు.

నాలుగో, ఐదో రోజున కుప్పలోకి గుచ్చిన ఇనుప కమ్మీని బయటికి లాగితే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. ఆ వేడి ఎంతో అవసరమైనది. 55 డిగ్రీల పైన మూడు రోజులు నిలిస్తే కలుపు విత్తనాలు, కాండం తొలుచు పురుగు లార్వాలు, గడ్డి మీద నిలిచి ఉండే పాముపొడ తెగులు శిలీంధ్రపు గట్టి బీజాలు చాలా వరకు చస్తాయి. కుప్ప అంచున ఉన్న గడ్డికి ఆ వేడి తగలదు కనుకనే రెండు వారాలకోసారి బయటిది లోపలికి, లోపలిది బయటికి తిరగవేయాలి. తిరగవేసిన ప్రతిసారీ లోపలి గడ్డి మీద తెల్లని దుమ్ములా యాక్టినోమైసిటీస్ పూత కనిపిస్తుంది, తొలకరి మట్టి వాసన వస్తుంది. పుల్లటి వాసన గానీ మురుగు వాసన గానీ వస్తే లోపల గాలి ఆడడం లేదని అర్థం. చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. తెగుళ్ల నివారణకు పనికొస్తుందని ట్రైకోడెర్మాను మొదటి రోజే కుప్పలో కలుపుతారు. అది 30 డిగ్రీల చుట్టూ హాయిగా పెరిగేది, కుప్ప నడుమ పుట్టే వేడికి నిలవదు. కుప్ప చల్లబడ్డాక కలిపితేనే అది మాగిన ఎరువు మీద విస్తరించి, చేలో పాముపొడ శిలీంధ్రంతో పోటీ పడగలుగుతుంది. మాగిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా రెండు కిలోలు కలిపి నీడలో వారం ఉంచే పద్ధతి వెనక ఉన్న తర్కం ఇదే.

కోనసీమకు వచ్చేసరికి వ్యర్థం మారుతుంది, చిక్కు కూడా మారుతుంది. కొబ్బరి డొక్క నుంచి పీచు తీశాక మిగిలే పొట్టు పరిశ్రమల పక్కన గుట్టలుగా పేరుకుంటుంది. అందులో లిగ్నిన్ దాదాపు మూడో వంతు, కర్బన నత్రజని నిష్పత్తి 100కు పైన. వానకు తడిసి అందులోంచి దిగే టానిన్ల గోధుమరంగు నీరు చుట్టుపక్కల బోదెల్లో కలుస్తుంది. వరిగడ్డికి పనికొచ్చే బాక్టీరియా దీన్ని కదిలించలేదు, తెల్లకుళ్లు శిలీంధ్రం కావాలి. కాయిర్ బోర్డు ప్రచారంలోకి తెచ్చిన పిత్ ప్లస్ అలాంటిదే. ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనాన్ని, కొద్దిపాటి యూరియాను పొట్టు పొరల నడుమ చల్లి తడుపుతూ ఉంటే, నెల రోజుల్లో పొట్టు నల్లబడి, 112 దగ్గర ఉన్న నిష్పత్తి 24కు దిగుతుందని బోర్డు చెబుతోంది. కడియం నర్సరీలకు కుండీల్లో నింపడానికి తడిని పట్టి ఉంచే పదార్థం నిరంతరం కావాలి. ఆ పొట్టుకు ఇంత దగ్గరలో ఇంత మంచి గిరాకీ ఉన్న ప్రాంతం మరొకటి అరుదు. కొబ్బరి మట్టలకైతే కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ యూడ్రిలస్ జాతి వానపాములతో ఎరువు చేసే పద్ధతిని రూపొందించింది. నీడ, తేమ ఉన్న కొబ్బరి తోటల్లో అది చక్కగా ఒదుగుతుంది.

కోనసీమలో ఎరువు కుప్ప వేసేవారు మరువకూడని శత్రువు కొమ్ము పురుగు. కొబ్బరి మొవ్వును తొలిచే ఈ పెంకు పురుగు గుడ్లు పెట్టేది మాగుతున్న ఎరువు కుప్పల్లోనే. తోటలో కుప్ప వేసి వదిలేస్తే, ఎరువుతోపాటు పురుగునూ పెంచినట్టవుతుంది. దీనికీ సూక్ష్మజీవి చేతిలోనే మందు ఉంది. మెటారైజియం అనే శిలీంధ్రాన్ని కుప్పలో కలిపితే అది తెల్లని లావుపాటి పిల్లపురుగుల చర్మాన్ని తొలుచుకుని లోపలికి పాకుతుంది. కొన్ని రోజులకు తవ్వి చూస్తే ముడుచుకుని గట్టిపడ్డ పురుగులు, వాటి మీద ఆకుపచ్చని పొడి కనిపిస్తాయి. ఆ పొడి ప్రతి రేణువూ మరో పురుగుకు సోకగల బీజమే. రావులపాలెం వైపు అరటి బోదెల విషయంలో జాగ్రత్త మరో రకం. బరువులో పది పాళ్లకు తొమ్మిది పాళ్లు నీరే అయిన బోదెలు పొడిగడ్డికి తడినీ పొటాష్‌నూ ఇస్తాయి కనుక రెండింటినీ ముక్కలు చేసి కలపడం లాభమే. కానీ పనామా తెగులు సోకిన తోటలోని బోదెలను మాత్రం కంపోస్టుకు తేకూడదు. ఆ తెగులు తెచ్చే ఫ్యుజేరియం శిలీంధ్రపు బీజాలు మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి, సగం వేడెక్కిన కుప్ప నుంచి ఆరోగ్యంగా ఉన్న తోటకు చేరడం చాలా తేలిక.

గడ్డిని ఎరువు చేసేముందు దాని నుంచి ఆహారం తీసుకునే దారులూ ఉన్నాయి. చలికాలంలో ముత్యపు చిప్ప, వేడి, ఉక్క ఉన్న నెలల్లో 30 నుంచి 35 డిగ్రీలను కోరే వరిగడ్డి పుట్టగొడుగు డెల్టా వాతావరణానికి సరిపోతాయి. పంట తీశాక మిగిలిన గడ్డిలో లిగ్నిన్ కట్టు అప్పటికే సడలి ఉంటుంది కనుక అది సగం కాలంలో మాగుతుంది. పాడి ఉన్న ఇంట్లో గేదె పొట్టే ఒక కుళ్లబెట్టే తొట్టె. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు మాగబెడితే, యూరియా నుంచి బాక్టీరియా విడుదల చేసే అమ్మోనియా గడ్డిని మెత్తబరిచి, గేదె పొట్టలోని సూక్ష్మజీవులకు మరింత బాగా అందేలా చేస్తుంది.

ఇన్ని పద్ధతులు తెలిసి ఉండీ గడ్డికి నిప్పు ఎందుకు పెడుతున్నారన్న ప్రశ్నకు జవాబు సూక్ష్మజీవుల శాస్త్రంలో పూర్తిగా దొరకదు. డెల్టాలో చేను దున్నే వారిలో చాలామంది కౌలు రైతులు. వారికి కుప్ప వేసుకునే గట్టు సొంతం కాదు. కౌలు రైతుల కోసం రాష్ట్రం తెచ్చిన 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు కార్డు చెల్లేది 11 నెలలు. కంపోస్టులోని నత్రజనిలో తొలి పంటకు అందేది కొంత భాగమే, మిగిలింది తర్వాతి పంటలకు నెమ్మదిగా విడుదలవుతుంది. వచ్చే ఏడాది ఆ చేను తనదవుతుందో కాదో తెలియని మనిషి, కూలీ ఇచ్చి గడ్డి తీయించి, నెలల తరబడి తడిపి, తిరగవేసి, ఇంకొకరి నేలను బాగుచేయాలని కోరడం న్యాయం కాదు. అగ్గిపెట్టె ఖర్చు రూపాయి, కుప్ప ఖర్చు రోజుల తరబడి కూలి. ఈ తేడాను పూడ్చకుండా ఎన్ని సీసాలు పంచినా ప్రయోజనం అంతంతే.

అందువల్ల కుప్పను వ్యక్తి నుంచి ఊరికి మార్చడం మీద ఆలోచన సాగాలి. చాలా పంచాయతీల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాల షెడ్లు, తొట్లు కట్టి ఉన్నాయి. సార్వా కోతల వేళ కట్టలు చుట్టే యంత్రాన్ని అద్దెకు తెచ్చి, చేలోంచి ఎత్తిన గడ్డిని అక్కడికో, దగ్గర్లోని పోరంబోకు మెరకకో చేర్చి, కోళ్ల ఫారాల పెంటతో కలిపి కుప్పలు వేయవచ్చు. డిసెంబరులో వేసిన కుప్పను వేసవి వరకు తడుపుతూ, తిరగవేస్తూ ఉంటే సార్వా ఊడ్పుల నాటికి మాగుతుంది. వేసవిలో కాలువ ఆగినా ఒక్క చోట ఉన్న కుప్పలకు బోరు నీరు సరిపోతుంది, వేల ఎకరాల కొయ్యకాళ్లకు సరిపోదు. అయితే తీరానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఉప్పు తేలిన బోరు నీటిని, చేపల, రొయ్యల చెరువుల అడుగు బురదను కుప్పలో కలపకూడదు, ఎరువులోని ఉప్పు ఆకుమడిలోనే నారును మాడుస్తుంది. గడ్డి ఇచ్చిన రోజునే తూకం వేసి, సాగు చేసిన వారి పేరున చీటీ రాసి, జూన్‌లో ఆ చీటీకి సరిపడా ఎరువు గానీ, దాని వెల గానీ ఇస్తే, కౌలు మారినా కష్టం పడ్డవారికి దక్కవలసింది దక్కుతుంది. సీసాల కొనుగోలుకు పెడుతున్న డబ్బులో కొంత ముందుగా ఈ తూకానికీ రవాణాకూ మళ్లించవలసి ఉంది.